కీర్తన పైన రాగము పేరు, చేతి కింద హార్మోనియం మెట్టు: కృష్ణా డెల్టా సంఘాలలో శ్రుతి చరిత్రపై ఒక పరిశీలన

1. పరిచయము

కీర్తనల గ్రంథాన్ని శ్రద్ధగా చదివేవారు అనేక కీర్తనలకు పైన చిన్న శీర్షిక ఉండటం గమనిస్తారు. హెబ్రీ మూలంలో 6, 12 కీర్తనల శీర్షికలలో ‘షెమీనీత్’ అనే మాట ఉంది. 8, 81, 84 కీర్తనలకు ‘గిత్తీత్’ అనీ, 22వ కీర్తనకు ‘అయ్యెలెత్ షహర్’ అనీ ఉంది. మన తెలుగు అనువాదకులు వీటిని తెలుగు చేసినప్పుడు శ్రుతి, రాగము అనే మాటలనే ఎన్నుకున్నారు. ఇవి దేవాలయ గాయకులకు ఇచ్చిన సంగీత సూచనలని వ్యాఖ్యాతలు సాధారణంగా అంగీకరిస్తారు. అయితే ఆ శ్రుతి ఏది, ఆ రాగము ఎలా ఉండేది అన్న ప్రశ్నకు నేడు జవాబు లేదు. క్రీస్తుకు పూర్వమే గ్రీకులోనికి తర్జుమా చేసిన సెప్టువజింతు అనువాదకులకు కూడా అవి స్పష్టంగా తెలియలేదు. ‘ప్రధానగాయకునికి’ అని మనం చదువుకునే మాటను వారు ‘అంతమునకు’ అనే అర్థం వచ్చేటట్లు రాశారు. శీర్షిక నిలిచింది గాని దాని వెనుక ఉన్న నాదము నిలవలేదు.

మన చేతిలో ఉన్న ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ కూడా ఇటువంటి శీర్షికలు గల పుస్తకమే. తోడి, ఆనందభైరవి, కాంభోజి, ముఖారి, బిలహరి, మోహన, శంకరాభరణము వంటి రాగనామాలు, ఆది, రూపకము వంటి తాళనామాలు కీర్తనల పైన అచ్చయి ఉన్నాయి. ప్రతి ఆదివారము ఆ పుస్తకాన్ని తెరుస్తున్నాము. పాట సంఖ్య చెబుతాము, పల్లవి ఎత్తుకుంటాము. ఆ రెంటికీ మధ్య అచ్చయిన రాగము పేరును చదివేవారు ఎందరు? ఆ పేరు కోరే స్వరాలను పాడగలిగినవారు ఎందరు?

కృష్ణా డెల్టా సంఘాలలో ఈ రాగనామాలు వట్టి అచ్చు అక్షరాలుగా మిగిలిపోవడానికి గల కారణాలలో ఒకటి, మనము పాటను ఏ శ్రుతివిభజనకు అప్పగించాము అన్నది. ఈ కారణము ఎక్కువగా చర్చకు రాలేదు. ఆ చరిత్రను స్థూలంగా పరిశీలించి, అది మన ఆరాధనకు వేసే ప్రశ్నను ముందుంచటమే ఈ వ్యాసము ఉద్దేశము.

2. సహజ శ్రుతి, సమాన విభజన

సంగీత పరిచయము లేని పాఠకుల కోసం కొంత వివరణ అవసరము. తంబురాను శ్రుతి చేసి షడ్జము తీగను మీటితే ఆ ఒక్క తీగలోనే అనేక అనుస్వరాలు వినిపిస్తాయి. అందులో ఐదవది అంతర గాంధారము. తీగ తనంతట తానే పలికే ఇటువంటి స్వరాలను మన లక్షణకారులు స్వయంభూ స్వరాలన్నారు. 1550లో ‘స్వరమేళకళానిధి’ రచించిన రామామాత్యుడు ఈ మాటను వాడినవారిలో ముఖ్యుడు. ఈ గాంధారానికీ షడ్జానికీ నిష్పత్తి 5:4. పంచమానికి 3:2. ఇవి సహజ శ్రుతులు.

వీటితో ఒక చిక్కు ఉంది. షడ్జము నుండి బయలుదేరి పంచమము తరువాత పంచమముగా 12 మెట్లు ఎక్కితే 7 స్థాయిల పైనున్న షడ్జానికి సరిగ్గా చేరము, కొంచెము దాటిపోతాము. వీణవాద్యాలు, గాత్రము దీనిని సర్దుకోగలవు. కాని ఒక్కొక్క మెట్టుకు ఒకే స్వరము బిగించిన వాద్యముపై, ఏ మెట్టునుండైనా పాట మొదలుపెట్టాలంటే ఇబ్బంది. అందుకు పాశ్చాత్యులు కనుగొన్న పరిష్కారము స్థాయిని 12 సమాన భాగాలుగా విభజించటము. అప్పుడు ఏ స్వరమూ పూర్తిగా తప్పదు, షడ్జము తప్ప ఏదీ పూర్తిగా ఒప్పదు.

ఆ తేడా ఎంత? 1885లో ఇంగ్లండు పండితుడు అలెగ్జాండర్ ఎల్లిస్ స్థాయిని 1200 సెంట్లుగా కొలిచే పద్ధతిని ప్రచురించాడు. (ఇది మన పొలాలు కొలిచే సెంటు కాదు, అయితే గట్టు జరిగితే తగవు వచ్చేది రెండింటిలోనూ ఒకటే.) సహజమైన పంచమము 702 సెంట్లు, సమాన విభజనలో 700. ఈ తేడాను చెవి సులభంగా క్షమిస్తుంది. సహజమైన అంతర గాంధారము 386 సెంట్లు, హార్మోనియం మెట్టుపై 400. అంటే 14 సెంట్లు ఎక్కువ. షడ్జము సెకనుకు 240 కంపనాలనుకుంటే సహజ గాంధారము 300, మెట్టుపై గాంధారము దాదాపు 302.4. ఈ రెండవదాన్ని షడ్జముతో కలిపి నొక్కి పట్టుకుంటే సెకనుకు తొమ్మిది పది సార్లు వణుకు వినబడుతుంది. పియానో నాదము త్వరగా తగ్గిపోతుంది గనుక అక్కడ ఇది అంతగా తెలియదు. తిత్తి ఊదినంతసేపు మోగే రీడులో బాగా తెలుస్తుంది. ఈ ఫిర్యాదు మనవారిది మాత్రమే కాదు. 1863లో జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ తన ధ్వనిశాస్త్ర గ్రంథములో ఇదే లోపాన్ని ఎత్తిచూపి, సహజ శ్రుతులు పలికే హార్మోనియాన్ని ప్రత్యేకంగా చేయించుకున్నాడు.

మన సంగీతానికి ఇంతకంటె లోతైన ఇబ్బంది మరొకటి ఉంది. తోడి రాగములోని గాంధారము ఒకచోట నిలిచే స్వరము కాదు. అది ఊగుతూ పలకాలి. ఆ ఊపే ఆ స్వరము. రెండు మెట్ల నడుమ ఊగే స్వరాన్ని ఏ మెట్టు నొక్కి పలికించగలము? అందుచేత సమస్య 14 సెంట్లతో ముగియదు.

3. హార్మోనియానికి ముందు మన కీర్తన

తెలుగు క్రైస్తవ కీర్తనకు పితామహుడుగా మనము గౌరవించే పురుషోత్తమ చౌదరిగారు 1803లో జన్మించి 1890లో ప్రభువునందు నిద్రించారు. ఆయన బాప్తిస్మము పొందినది 1833లో. పారిస్ నగరములో అలెగ్జాండర్ డెబాఁ హార్మోనియానికి పేటెంటు తీసుకున్నది 1842లో. అది కాళ్ళతో తొక్కే పెద్ద వాద్యము. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ చేతితో తిత్తి ఊదే చిన్న హార్మోనియాన్ని తయారుచేసినది 1875 ప్రాంతములో. ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే మొదటి తరము తెలుగు కీర్తనలు ఏ చెవి కోసము పుట్టాయో అర్థమవుతుంది. అవి మెట్ల వాద్యము ఎరుగని చెవి కోసము, తంబురా లేక శ్రుతి తిత్తి, తాళములు, మద్దెల ఉన్న భజన గోష్ఠి కోసము పుట్టాయి.

డెల్టాలో సువార్త పని మొదలైనదీ ఆ కాలములోనే. రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో మచిలీపట్టణానికి వచ్చారు. 1842లో హయ్యర్ గుంటూరు చేరారు. వారు వచ్చిన నేల సంగీతము లేని నేల కాదు. మువ్వ గోపాలుని పేర పదాలు చెప్పిన క్షేత్రయ్య పదము, కూచిపూడి వారి యక్షగానము, ఊరూరా భజన మందిరము ఇక్కడివే. అందుకే రాగము పేరు చూచి పాట ఎత్తుకోవటము ఆనాటి బోధకునికి అసాధ్యమైన పని కాదు. ‘తోడి’ అన్న మాట ఆయనకు ఒక ఆజ్ఞ. నేడు మనకది ఒక అలంకారము.

4. పెట్టె వచ్చిన రెండు దారులు

హార్మోనియం మన ప్రాంతానికి రెండు దారుల వచ్చిందని చెప్పవచ్చు. ఒకటి మిషను బంగళా దారి. రెండవది నాటక రంగము దారి. మైలవరము నాటక సమాజము, సురభి కుటుంబాలు, పద్యనాటకాలు ఈ వాద్యాన్ని తెలుగువారి ఇంటి వస్తువుగా చేశాయి. ఈ రెండు చోట్లా పెట్టె ఒకటే, రీడ్లు ఒకటే. కాని అది చేసే పని వేరు.

రంగస్థలముపై నటుడు పద్యము ఎత్తుకుంటాడు, రాగము తీస్తాడు. హార్మోనిస్టు ఆ గొంతు వెంట నడుస్తాడు. గొంతు ఊగినచోట అతడు మెట్టు వదిలి ఊరుకుంటాడు, గొంతు నిలిచినచోట అందుకుంటాడు. అక్కడ పెట్టె సేవకుడు. ఆరాధనలో జరిగినది తలక్రిందులు. ఇంగ్లీషు బాణీల అనువాద కీర్తనలకు వాద్యము ముందు నడవాలి, సంఘము వెంట నడవాలి. ఆ బాణీలు పుట్టినదే ఆ పద్ధతికి గనుక అందులో తప్పులేదు. కాని అదే పద్ధతి రాగ కీర్తనలకూ వచ్చి చేరింది. వాద్యము వాయించినదే పాట అయింది. శంకరాభరణము, మోహన వంటి రాగాలు మెట్లపై కూడా కొంతవరకు తమ ముఖాన్ని నిలుపుకున్నాయి. తోడి, ముఖారి, ఆనందభైరవి నిలుపుకోలేకపోయాయి. నేడు మన సంఘాలలో ఏ కీర్తనలు జీవించి ఉన్నాయి, ఏవి పుస్తకములోనే నిద్రిస్తున్నాయి అని లెక్క చూచుకునే పాఠకునికి ఈ తేడా తన అనుభవములోనే కనిపించవచ్చు.

దోర్నకల్ బిషప్పు అజరయ్యగారి కాలములో (1912-1945) భారతీయ రూపములో ఆరాధన అనే ఆలోచన బలపడింది. 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ ఎపిఫనీ దేవాలయములో దేవాలయ స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసి ఒక క్రైస్తవ మందిరమయ్యాయి. రాతి విషయములో ఇంత ఆలోచించిన మనము రీడు విషయములో అంతగా ఆలోచించలేదు.

5. క్రైస్తవులు పాల్గొన్న శ్రుతి చర్చ

శ్రుతి చర్చ క్రైస్తవులకు పరాయిది కాదు. మద్రాసులోని ఎ.ఎం. చిన్నస్వామి మొదలియారు క్రైస్తవుడు. కర్ణాటక కృతులను పాశ్చాత్య సంగీత లిపిలో భద్రపరచాలని 1892 నుండి సంచికలుగా ప్రచురించాడు. సుబ్బరామ దీక్షితులు తమ వద్దనున్న విద్యను గ్రంథస్థము చేయటానికి ఆయన ప్రోద్బలము ఒక కారణము. దాని ఫలితముగా ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఎట్టయాపురములో, తెలుగు లిపిలో, వెలువడింది. స్వరము ఎక్కడ ఊగాలి, ఎక్కడ జారాలి అన్నదానికి అందులో గమక చిహ్నాలు ఉన్నాయి. అంటే మెట్టు పలకలేనిదాన్ని తెలుగు అక్షరముపై గుర్తువేసి చూపే పద్ధతి నూరేళ్ళకు పూర్వమే మన భాషలో ఉంది. మన కీర్తనల పుస్తకము ఆ పద్ధతిని అందుకోలేదు.

తంజావూరు క్రైస్తవుడైన అబ్రహాము పండితర్ (1859-1919) 1916లో బరోడాలో జరిగిన అఖిల భారత సంగీత సభలో పాల్గొన్నారు. 1917లో ‘కరుణామృత సాగరము’ అనే బృహద్గ్రంథాన్ని తమిళములో ప్రచురించారు. భరతుడు నాట్యశాస్త్రములో చెప్పిన 22 శ్రుతులు కాదు, స్థాయిని 24 సమాన శ్రుతులుగా విభజించాలని ఆయన వాదము. అదే సభలో క్లెమెంట్సు అనే ఇంగ్లీషు అధికారి పక్షమున 22 శ్రుతులు పలికే హార్మోనియము ప్రదర్శింపబడింది గాని సంగీతజ్ఞుల ఆమోదము పొందలేదు. మెట్లు పెంచినంత మాత్రాన గొంతు దొరకదని ఆ సభ తేల్చినట్లయింది.

1963లో జైరాజ్‌భాయ్, స్టోన్ అనే పరిశోధకులు హిందుస్తానీ విద్వాంసుల స్వరాలను యంత్రముతో కొలిచి, వారి శ్రుతులు ఏ ఒక్క స్థిరమైన విభజనకూ లొంగవని చూపారు. ఒకే రాగములో ఒకే స్వరము సందర్భాన్ని బట్టి మారుతున్నది. కాబట్టి ‘12 తప్పు, 22 ఒప్పు’ అని నేను వాదించటము లేదు. మన సంగీతములో స్వరము ఒక బిందువు కాదు, ఒక ప్రవర్తన. ఏ పెట్టె అయినా దాన్ని బిందువుగా మారుస్తుంది.

6. ఆకాశవాణి నిషేధము, విజయవాడ

1940 మార్చి 1 నుండి ఆకాశవాణి తన కేంద్రాలన్నిటిలో హార్మోనియాన్ని నిషేధించింది. రవీంద్రనాథ్ ఠాగూరు దానిని సమర్థించారు. ఢిల్లీ కేంద్రములో పాశ్చాత్య సంగీత విభాగాన్ని చూచిన ఇంగ్లీషు స్వరకర్త జాన్ ఫౌల్డ్సు అంతకుముందే ఆ వాద్యాన్ని తీవ్రముగా విమర్శించాడు. ఈ నిషేధము 1971లో పరిమితముగా సడలింది.

విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. అంటే మొదటి రెండు దశాబ్దాలకు పైగా ఆ కేంద్రము నుండి డెల్టా ఇళ్ళలోకి వచ్చిన గానము తంబురా, వయొలిన్ తోడుగా వచ్చినదే. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930-2016) గొంతు ఈ ఊరి గొంతుగా పేరుపొందిన కాలమది. శనివారము రాత్రి రేడియోలో ఒక శ్రుతి వినిపించేది. ఆదివారము ఉదయము ఆరాధనలో మరొక శ్రుతి. ఒకే చెవి రెంటినీ విన్నది. ఆ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని గురించి సంఘములో మనము మాట్లాడుకోలేదు.

నిషేధము న్యాయమని నేను అనను. పేద కళాకారుల పొట్టమీద కొట్టిన నిషేధమది. కాని అది లేవనెత్తిన ప్రశ్న సరియైనదే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండానే మనము హార్మోనియము నుండి ఎలక్ట్రానిక్ కీబోర్డుకు మారిపోయాము.

7. ఎవరి శ్రుతి?

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరము ఉంది. రాగము, శ్రుతి అన్న మాటలు అగ్రవర్ణాల విద్య కాదా? డెల్టా సంఘాలలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. ఆ విద్యాశాలల తలుపులు వారికి మూయబడ్డాయి. హార్మోనియమే కదా ఎవరికైనా పాట నేర్పింది? ఈ మాటలో చాలా సత్యము ఉంది. ఆ పెట్టె చేసిన మేలును కాదనలేము. కాని అది ఎవరి గొంతును దిద్దింది అని కూడా అడగాలి. విద్వాంసుని గొంతును కాదు. విద్వాంసుడు మన మందిరానికి రాలేదు. నాట్లు వేస్తూ పాడే స్త్రీ, దప్పు పక్కన పాడే పురుషుడు, తంబురా మీద కథ చెప్పే గాయకుడు, వీరి స్వరాలు కూడా మెట్లకు బయటివే. పెట్టె దిద్దినది వీరి గొంతును.

ఈ మాట నేను పుస్తకములో చదివి చెప్పటము లేదు. దాదాపు పాతికేళ్ళ క్రితము డెల్టాలోని ఒక చిన్న గ్రామ సంఘములో సేవ చేసేవాడను. అక్కడ ఒక వృద్ధురాలు పల్లవి ఎత్తుకుంటే సంఘమంతా అందుకునేది. ఆమెకు అక్షరాలు రావు. పుస్తకములో సగము కీర్తనలు నోటికి వచ్చు. సంఘము చందాలు వేసుకుని కీబోర్డు కొన్నాక, తోడి అని అచ్చయిన ఒక కీర్తనలో ఆమె స్వరము వాద్యముతో కలవలేదు. నేను ఆరాధన అయ్యాక ఆమెను పిలిచి, ఇకమీదట కుర్రవాళ్ళు ఎత్తుకుంటారు, మీరు వెనుక పాడండి అన్నాను. “అయ్యగారూ, మా అమ్మ దగ్గర నేర్చుకున్నది ఇట్టాగే. పెట్టెకి రాకపోతే నేనేం చేసేది?” అన్నదామె. ఆ తరువాత ఆమె ఆరాధనకు వచ్చేది గాని గట్టిగా పాడగా నేను వినలేదు. కొన్నేళ్ళకు తంబురా దగ్గర కూర్చుని అదే రాగాన్ని నేర్చుకునే అవకాశము నాకు కలిగింది. ఊగే గాంధారము నా నోట మొదటిసారి పలికినప్పుడు అది ఎక్కడ విన్నదో గుర్తుకు వచ్చింది. అప్పటికి ఆమె లేదు. పుస్తకములోని శీర్షికను చదవగలిగిన నేను దాన్ని పాటించలేదు. చదవలేని ఆమె పాటించింది.

8. ముగింపు

1 కొరింథీయులకు 14:7లో పౌలు పిల్లనగ్రోవిని, వీణను ఉదాహరణగా చెబుతాడు. స్వరాలలో భేదము కలుగజేయకపోతే వాయించినది ఏదో ఎలా తెలుస్తుందన్నది ఆయన ప్రశ్న. ఆయన విషయము భాషలు. ఉదాహరణ మాత్రము సంగీతము. స్వరభేదము లేనిచోట అర్థము లేదని ఆయనకూ ఆయన పాఠకులకూ తెలుసు. అదే అధ్యాయములో సంఘక్షేమాభివృద్ధి కొలబద్దగా ఉంది. ఈ రెంటినీ కలిపి చదివితే మన బాధ్యత తెలుస్తుంది. స్వరభేదాన్ని కాపాడాలి, కాని సంఘములో ఎవరినీ నోరు మూయించని విధముగా కాపాడాలి.

అందుకు హార్మోనియాన్ని బయట పారవేయనక్కరలేదు. అది చేసే పనిని మార్చితే చాలు. రాగ కీర్తన పాడేటప్పుడు వాద్యకారుడు షడ్జ పంచమాలను మాత్రమే శ్రుతిగా పట్టి, స్వరాలను గొంతుకు వదలవచ్చు. నాటకరంగపు హార్మోనిస్టువలె ముందు నడవకుండా వెంట నడవవచ్చు. శ్రుతి పెట్టె ప్రతి సంఘమూ కొనగలిగినదే. నేటి కొన్ని కీబోర్డులలో ఒక్కొక్క స్వరాన్ని కొన్ని సెంట్లు తగ్గించే, హెచ్చించే సదుపాయము ఉంది. మోహనలోని కీర్తనకు అంతర గాంధారాన్ని 14 సెంట్లు, చతుశ్రుతి ధైవతాన్ని 16 సెంట్లు తగ్గించి, పాడే షడ్జానికి సరిపెట్టి చూస్తే సంఘము చెవికి తేడా తెలుస్తుంది. అయితే తోడికి ఏ మీటా లేదు. దానికి మనిషి కావాలి.

ఆ మనుషులు ఇంకా కొందరు మన గ్రామ సంఘాలలో ఉన్నారు. వారి వయస్సు ఎక్కువ. మన వేదాంత విద్యాలయాలలో ఆరాధన శాస్త్రము చదివే ప్రతి విద్యార్థి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు, తన సంఘములో పెద్దవారొకరు పాడే ఒక్క రాగ కీర్తనను, ఏ వాద్యమూ లేకుండా, సెల్‌ఫోనులో రికార్డు చేసి తేవాలి. పుస్తకములోని శీర్షికను, గాయకుని ఊరును, ఎవరివద్ద నేర్చుకున్నారో ఆ వివరాన్ని దానికి జతచేయాలి. గ్రంథాలయములో ఒక అర చాలు. ‘షెమీనీత్’ పాడినవారిని అడిగి రాసుకున్నవారు ఎవరూ లేకపోయారు. మన తోడిని పాడేవారిని అడిగే అవకాశము మనకు ఇంకా ఉంది.